కంచె తరఫున నాలుగు మాటలు

కంచే చేను మేసిందని తరతరాలుగా అందరూ వాపోతున్నారే గానీ, కంచె వైపు నుంచి ఒక్కరైనా ఆలోచించారా? ఎండకు ఎండి, వానకు తడిసి కాపలా కాసే దానికి ఆకలి వెయ్యదా? అసలు ఆ చేనుగల ఆసామి కంచెకు ఎంత బాకీ పడ్డాడో ఎవరైనా లెక్క అడిగారా? ఈ లోటు తీర్చడానికే ఈ వ్యాసం. రాసే అర్హత నాకు పుష్కలంగా ఉంది. పోయిన నెల మా బ్యాంకనే కంచె మేసింది నా చేనునే.

జీతం పడే రోజు. తెల్లవారుజామున ఫోన్ టింగుమంది. మీ ఖాతాలో జమ అయింది, సంతోషం. నాలుగు నిమిషాలకు మళ్లీ టింగుమంది. ఈసారి డెబిట్. బ్యాలెన్స్ దగ్గర ఒక సున్నా, ఒక చుక్క, తర్వాత రెండు సున్నాలు. చుక్క తర్వాత ఆ రెండు సున్నాలు ఎందుకు వేస్తారో నాకెప్పుడూ అర్థమయ్యేది కాదు. చిల్లర కూడా వదల్లేదని చెప్పడానికన్నమాట.

ఆ బ్యాంకు క్రెడిట్ కార్డు మీద నాకు మూడు నెలల బాకీ ఉన్న మాట నిజం. దాన్ని కాదనను. నేను మెచ్చుకుంటున్నది ఆ నాలుగు నిమిషాలను. ఇదే బ్యాంకులో నా ఇంటిపేరులో ఒక దీర్ఘం ఎక్కువ పడితే, దాన్ని తీయించడానికి ఏడు వారాలు, రెండు ఫొటోలు, ఒక గెజిటెడ్ సంతకం పట్టాయి. నా డబ్బు నేనే పంపుకోవాలంటే ఓటీపీ కావాలి. అది రాకపోతే మళ్లీ పంపించమని బతిమాలాలి. మూడుసార్లు తప్పు కొడితే ఒక రోజంతా తలుపులు మూసేస్తారు. అదే డబ్బును బ్యాంకు తీసుకోవాలంటే ఓటీపీ లేదు, ఫొటో లేదు, సంతకం లేదు. టెక్నాలజీ సామాన్యుడికి అందడం లేదని ఎవరన్నారు? సామాన్యుడి దాకా చక్కగా అందుతోంది.

బ్రాంచికి వెళ్లాను. ఆఫీసరు మంచివాడు, కుర్చీ చూపించాడు.

"ఇది సెటాఫ్ సార్."

"అంటే?"

"మీరు మాకు ఇవ్వాలి, మేము మీకు ఇవ్వాలి. రెండూ కొట్టేసుకున్నాం."

"కొట్టేసుకున్నాం అంటే, మీరూ నేనూ కలిసా?"

"మీ సంతకం ఉంది కదా సార్."

ఉంది. ఖాతా తెరిచిన ఫారంలో పద్నాలుగో పేజీ, చీమలు బారులు తీరినట్టున్న అక్షరాలు. ముందస్తు నోటీసు లేకుండా, ఏ ఖాతాలోంచైనా, ఏ బాకీకైనా తీసుకునే హక్కు బ్యాంకుకు ఉంటుందని. కింద నా సంతకం. ఎంత అందంగా పెట్టానో! ఆ రోజు చాలా సంతోషంగా ఉండి ఉంటాను. జీవితాంతం ఉచితం అన్న కార్డు చేతికొచ్చిన రోజు మరి.

అయినా మీ దగ్గర దాచుకున్న డబ్బు కదా అన్నాను. అక్కడే నా అజ్ఞానం బయటపడింది. ఇంటికొచ్చి చట్టం తిరగేస్తే తెలిసింది, బ్యాంకులో ఎవరూ డబ్బు దాచుకోరట. 1848లో ఇంగ్లండులో ఫోలీ వర్సెస్ హిల్ అనే కేసులో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఈ సంగతి తేల్చేసింది. ఖాతాలో వేసిన డబ్బు వేసిన క్షణం నుంచి బ్యాంకుదే. అడిగినప్పుడు అంత మొత్తం తిరిగి ఇవ్వాల్సిన బాకీ మాత్రమే మనకు మిగులుతుంది. అంటే ఇన్నేళ్లుగా నేను బ్యాంకుకు అప్పిస్తున్నాను! జీతం స్లిప్పు అడక్కుండా, హామీదారును తెమ్మనకుండా, ప్రాసెసింగ్ ఫీజు పట్టకుండా. నా అంత ఉదారుడైన రుణదాత మరొకడు ఉండడు. ఒక్కసారి కూడా రాత్రి ఎనిమిదింటికి మేనేజరుకు ఫోన్ చేసి, "ఏం సార్, మా డబ్బు సంగతి ఏం చేశారు?" అని గొంతు పెంచలేదు.

ఇంకో మాట. చాలామంది దీన్ని లియన్ అంటారు. లియన్ అంటే ఎదుటివాడి వస్తువును బాకీ తీరేదాకా మన దగ్గర అట్టిపెట్టుకునే హక్కు. ఖాతాలో డబ్బు ఎలాగూ బ్యాంకుదే కాబట్టి, తన సొమ్ము మీద తనకే లియన్ ఏమిటని న్యాయమూర్తులు చమత్కరించిన సందర్భం కూడా ఉంది. కాబట్టి పేరు సెటాఫ్. పేరు ఏదైతేనేం, బ్యాలెన్స్ సున్నా.

బ్యాంకు నాకు బాకీ, నేను బ్యాంకుకు బాకీ. ఇంత చక్కటి సమానత్వం ఇంకెక్కడ దొరుకుతుంది? పైగా ఈ సమానత్వాన్ని నేను స్వయంగా పరీక్షించి ఉన్నాను. ఏడాది కిందట నేను అడగని ఇన్సూరెన్స్ ఒకటి నా కార్డుకు తగిలించి ప్రీమియం లాగేశారు. మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని జవాబొచ్చింది. నాలుగో నెల బిల్లు కట్టేటప్పుడు ఆ ప్రీమియం మొత్తాన్ని తగ్గించి, మిగతాది కట్టి, సెటాఫ్ చేసుకున్నానని మర్యాదగా ఒక ముక్క రాశాను. ఆ పదం అప్పటికి నాకు ఎక్కడో చదివిన గుర్తు, వాడి చూద్దామనిపించింది. మొదట లేట్ ఫీజు పడింది. తర్వాత వడ్డీ. తర్వాత క్రెడిట్ స్కోరు మెట్లు దిగింది. చివరికి ఒకమ్మాయి ఫోన్ చేసి ఎంతో ఓపిగ్గా, "అలా మీ అంతట మీరు కట్ చేసుకోవడానికి ఉండదు సార్" అని చెప్పింది. ఆ అమ్మాయి గొంతులో నిజమైన జాలి ఉంది.

కంచె గొప్పతనానికి చరిత్ర కూడా సాక్ష్యం. 1872లో ఇంగ్లండులోనే గార్నెట్ కేసు అని ఒకటి నడిచింది. ఒక ఖాతాదారుడికి ఒక బ్రాంచిలో బాకీ, ఇంకో బ్రాంచిలో నిల్వ ఉన్నాయి. బ్యాంకు అతనికి చెప్పకుండానే రెండూ కలిపేసింది, అతనిచ్చిన చెక్కులు తిరిగొచ్చాయి. కోర్టుకెక్కాడు, ఓడిపోయాడు. అదే 1872లో ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ వచ్చి, 171వ సెక్షన్‌లో బ్యాంకర్లకు జనరల్ లియన్, అంటే ఏ బాకీకైనా పనికొచ్చే లియన్, రాసిచ్చింది. కంచెలకు బాగా కలిసొచ్చిన సంవత్సరం అది. అందరు పాలకులూ ఇంత దూరదృష్టి గలవాళ్లు కారు. అమెరికాలో 1974లో ఒక చట్టం చేసి, కార్డు బాకీ కోసం ఖాతాదారుడి డిపాజిట్‌లో బ్యాంకు తనంతట తాను చెయ్యి పెట్టకూడదన్నారు. నెలనెలా ఖాతాలోంచి కట్టించుకోమని అతనే రాసిస్తే తప్ప. కంచెకు మూతి కట్టడం అంటే ఇదే.

మా బ్యాంకుకు అలాంటి అడ్డంకులేవీ లేవు కాబట్టి పని అంతటితో ఆగలేదు. ఆరో తేదీన ఇంటి అద్దె ఆటో డెబిట్‌కు వచ్చింది. ఖాతాలో లేదు, బౌన్స్. తొమ్మిదిన ప్రీమియం, అదీ బౌన్స్. ఒక్కోదానికి ఒక్కో బౌన్స్ చార్జీ. ఆ చార్జీలు పట్టుకోవడానికి డబ్బు లేక ఖాతా మైనస్‌లోకి వెళ్లింది. జేబు కొట్టేసి, జేబు ఖాళీగా ఉన్నందుకు జరిమానా వెయ్యడం మామూలు దొంగలకు చేతనయ్యే పనా? వాళ్లకు లైసెన్సు కూడా ఉండదు.

అక్కడితో మా ఆవిడ రంగంలోకి దిగింది. ఎందుకంటే మా ఇద్దరి పేరు మీదున్న జాయింట్ ఖాతాను కూడా హోల్డ్‌లో పెట్టారు. ఆ డబ్బు చాలావరకు తన జీతమే.

"అప్పు ఎవరిది?" అంది.

"నాది."

"ఖాతా ఎవరిది?"

"మనిద్దరిది."

"మరి నా డబ్బెందుకు ఆపారు?"

హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లొచ్చిన నాకు ఈ ప్రశ్న తట్టలేదు. సెటాఫ్ ప్రాణమంతా అందులోనే ఉంది. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ రెండు లెక్కల్లోనూ ఒక్కరే అయ్యుండాలి, అదే హోదాలో. ఇంకొకరి కోసం ట్రస్టీగా ఉంచిన డబ్బు నా సొంత బాకీకి వెళ్లదు. కట్టాల్సిన గడువే రాని అప్పుకు ఈ రోజే లాగడం కూడా మామూలుగా కుదరదు. జాయింట్ ఖాతా విషయం ఒప్పందంలో ఏం రాశారన్న దాని మీద ఉంటుంది. తను మొత్తం పద్నాలుగు పేజీలూ చదివింది. జాయింట్ ఖాతా ప్రస్తావన ఎక్కడా లేదు.

మర్నాడు ఉత్తరం తనే రాసింది. ఏ బాకీకి తీసుకున్నారు, అది ఏ తేదీకి కట్టాల్సింది, ఏ నిబంధన కింద తీసుకున్నారు, జాయింట్ ఖాతా మీద హోల్డ్ ఏ ఆధారంతో పెట్టారు. నాలుగే ప్రశ్నలు, చివర్లో "రాతపూర్వకంగా తెలియజేయగలరు". ఒక కాపీ మీద ముద్ర వేయించుకుని తెచ్చింది. అప్పటిదాకా కుర్చీ చూపించిన ఆఫీసరు, ఆ ముద్ర వేసేటప్పుడు మాత్రం కుర్చీలోంచి లేచాడట. తొమ్మిదో రోజున హోల్డ్ తీసేశారు. మళ్లీ రాస్తే రెండు బౌన్స్ చార్జీల్లో ఒకటి వెనక్కి వేశారు. రెండోది ఎందుకు వెయ్యలేదని అడిగితే సిస్టమ్ ఒప్పుకోలేదన్నారు. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు రాస్తామంటే సిస్టమ్ ఒప్పుకుంది. కార్డు బాకీలో మిగిలినదానికి వాయిదాలు అడిగాం, ఇచ్చారు. మొదటి నెలే అడిగి ఉంటే ఇంత కథ ఉండేది కాదని మా ఆవిడ అంది. వ్యాసానికి ఆ వాక్యం అవసరం లేదని నేనన్నాను.

ఇప్పుడు నా జీతం వేరే బ్యాంకుకు మార్చుకున్నాను. అక్కడ నాకు ఏ బాకీ లేదు. కాబట్టి ఆ కంచెకు నా మీద ప్రస్తుతానికి ఆకలి లేదు. ఖాతా తెరిచిన రోజు కౌంటర్లో కుర్రాడు నవ్వుతూ ఫారం ముందుకు జరిపాడు. పెన్సిల్‌తో ఇంటూ మార్కులు కూడా పెట్టి ఉంచాడు, ఎక్కడెక్కడ సంతకం చెయ్యాలో నేను వెతుక్కోకుండా.

"మీ ప్రొఫైల్‌కు ప్రీ అప్రూవ్డ్ కార్డు కూడా వస్తోంది సార్. జీవితాంతం ఉచితం."

నేను కళ్లజోడు తీసి తుడుచుకుని, పద్నాలుగో పేజీ తిప్పాను.

"అది ఎవరూ చదవరు సార్" అన్నాడు కుర్రాడు, నా మీద దయతో. తనూ చదవలేదని ఆ మొహమే చెబుతోంది.