ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? ‘గరమ్ హవా’ చూపించిన విభజన

బ్రిటిష్ పాలన ముగిసిన రోజుల మీద సినిమా అంటే వైస్రాయ్ బంగళాలో మంతనాలు, లేదా శవాలతో వచ్చే రైళ్లు. దర్శకుడు ఎం.ఎస్. సత్యూ తన సినిమా ‘గరమ్ హవా’లో నాయకుల సంగతంతా మొదట్లో కొన్ని పాత ఫొటోలతోనే సరిపెట్టేశాడు. రైళ్లున్నాయి, కానీ వాటిలో వెళ్లేది బంధువులు. ఆగ్రాలో బూట్ల ఫ్యాక్టరీ నడిపే సలీం మీర్జా వాళ్లని ఒక్కొక్కరిగా సాగనంపి ఇంటికొస్తుంటాడు.

ఆ ఇల్లే అసలు కథ. ఆ హవేలీ సలీం అన్నయ్య హలీం పేరు మీద ఉంది. ముస్లిం లీగ్ నాయకుడైన హలీం, దేశం వదిలిపెట్టనని గట్టిగా ఉపన్యాసాలిచ్చి, చివరికి పాకిస్తాన్ వెళ్లిపోతాడు. దాంతో ఇల్లు కాందిశీకుల ఆస్తి, అంటే దేశం వదిలి వెళ్లినవాళ్ల ఆస్తి కింద, దాన్ని స్వాధీనం చేసుకునే ప్రభుత్వ అధికారి కస్టోడియన్ చేతికి పోతుంది. తమ్ముడు అందులోనే కాపురం ఉంటున్నా రికార్డులో అతనికి చోటు లేదు. తర్వాత అద్దె ఇల్లు దొరకదు. ‘రేపు నువ్వూ వెళ్లిపోతే?’ అన్న అనుమానంతో బ్యాంకు అప్పివ్వదు. ఇది రచయితల కల్పన అనుకోనక్కర్లేదు. 1950 నాటి కాందిశీకుల ఆస్తుల చట్టంలో దేశం వదిలే ఉద్దేశం ఉన్నట్టు అనుమానించిన వాళ్ల కోసం ఏకంగా ఒక వర్గమే ఉండేది. ఊరు కదలని మనిషిని కూడా వెళ్లిపోయేవాడి కిందే లెక్కగట్టొచ్చు. ఈ చట్టం నీడ హైదరాబాద్ దాకా ఉంది. కాందిశీకుల భూముల తగాదాలు మన పత్రికలు చదివేవాళ్లకు కొత్త కాదు.

ఇల్లు ఖాళీ చేసే రోజు ముసలి తల్లి కట్టెల గదిలో దాక్కుంటుంది. నాకు సినిమా మొత్తంలో అన్నింటికన్నా బరువైన సీను అదే. ఆ హవేలీ దక్కించుకున్న అజ్మానీని దుర్మార్గుడిగా చూపించకపోవడం సత్యూ గొప్పతనం. అతనూ సింధ్‌లో ఉన్నదంతా వదిలేసి వచ్చినవాడే. ముసలామె ఆఖరి ఊపిరి పాత ఇంట్లోనే పోవాలంటే కాదనడు.

కూతురు అమీనా ఆత్మహత్య గుండె పిండేస్తుంది. కానీ చివర్లో సలీం, కొడుకు సికందర్ టాంగా దిగి నిరసన ఊరేగింపులో కలిసిపోవడం నాకు తొందరపాటుగానే అనిపిస్తుంది. అంతసేపు కాగితాల దగ్గర ఇరుక్కుపోయిన కష్టానికి నినాదం ఎలా జవాబవుతుంది? సలీంగా నటించిన బల్రాజ్ సాహ్ని ముఖం వల్లే ఆ సీను నిలబడింది. సినిమా విడుదల కాకముందే, 1973లో ఆయన చనిపోయారు. మతకలహాలు వస్తాయన్న భయంతో సెన్సార్ నెలల తరబడి ఆపిన ఈ సినిమాకే చివరికి జాతీయ సమైక్యత అవార్డు ఇచ్చారు!

సలీం మీర్జా సమస్య 1950లతో ముగిసిపోలేదు. ఉత్తరప్రదేశ్‌లోని మహమూదాబాద్ రాజా 1957లో పాకిస్తాన్ పౌరసత్వం తీసుకున్నారు. కొడుకు మాత్రం భారతీయుడిగానే ఉండిపోయారు. తండ్రి ఆస్తులు 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం తర్వాత ‘శత్రు ఆస్తులు’, అంటే శత్రుదేశ పౌరులవిగా లెక్కగట్టి ప్రభుత్వం స్వాధీనం చేసుకునే ఆస్తులు అయ్యాయి. ఏళ్ల తరబడి పోరాడితే 2005లో సుప్రీంకోర్టు కొడుకు పక్షాన తీర్పిచ్చింది. 2017లో పార్లమెంటు శత్రు ఆస్తుల చట్టాన్ని సవరించి, వారసులు భారత పౌరులైనా సరే ఆ ఆస్తుల మీద హక్కు లేదని తేల్చేసింది.