డాక్టరుగారి స్పోర్ట్స్ కారు

విశాఖపట్నంలో అమ్మకానికి వచ్చిన ప్రతి పాత కారూ ఒక డాక్టరుగారిదే. మూడు వారాలు తిరిగి, ఏడు బళ్లు చూసి, నేను కనుక్కున్న సత్యం ఇది. ఏడింటికీ మొదటి యజమాని డాక్టరుగారే, రెండో యజమాని లేనే లేడు. ఏడుగురూ ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి తప్ప బండి బయటికి తీయని సాధువులు. మన ఆంధ్ర వైద్య కళాశాల 1923 నుంచి డాక్టర్లను తయారు చేస్తూనే ఉంది, కాదనను. అయినా మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా బారులు తీరిన ఇన్ని పాత కార్లకు సరిపడా డాక్టర్లు ఈ ఊళ్లో ఉండి ఉంటే, మొన్న మా అమ్మ మోకాళ్ల నొప్పికి నేను మూడు గంటలు వరసలో ఎందుకు కూర్చోవలసి వచ్చిందో ఎవరైనా చెప్పాలి.

నాకు కావలసింది చిన్న కారు. కాస్త చురుకైనది. భీమిలి రోడ్డు మీద ఋషికొండ దాటాక మలుపు వస్తే ఒరిగిపోకుండా రోడ్డును పట్టుకుని పోవాలి, గేరు తగ్గించగానే ఇంజిన్ పలకాలి. వెనక సీటులో అమ్మ, ఇద్దరు పిల్లలు పట్టాలి. చేతిలో ఉన్నది నాలుగు లక్షలు. అందులో యాభై వేలు మా ఆవిడ చీటీ పాడి తెచ్చినవి కాబట్టి ఆ యాభై వేలకు ప్రశ్నలడిగే హక్కు కూడా ఉంది.

ఈ కోరికనే బజారు భాషలో "స్పోర్టీ" అంటారట. ఆ మాట చెప్పగానే పాత కార్లు అమ్మే కుర్రాడొకడు నన్ను ఒక ఎర్రచారల బండి దగ్గరికి తీసుకెళ్లాడు. బానెట్ మీద రెండు చారలు, వెనక ఒక రెక్క, చక్రాల సందులోంచి ఎర్రరంగు పూసిన బ్రేకులు, చిన్నపాటి ఫిరంగి లాంటి సైలెన్సర్. ఆ మధ్య మన పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించిన సైలెన్సర్ల గుట్టలోంచి ప్రాణాలతో బయటపడ్డ ఏకైక వీరుడిలా ఉంది.

"ఎవరిది బాబూ?"

"డాక్టరుగారిది సార్. గుండె డాక్టరు."

అయి ఉండవచ్చు. ఆ సైలెన్సర్ చప్పుడుకు రోగులు వాళ్లంతట వాళ్లే వస్తారు.

మీటరు చూశాను. 38,000 కిలోమీటర్లు. బండి 2014 మోడల్. పదకొండేళ్లకు లెక్క వేస్తే రోజుకు తొమ్మిదిన్నర. పెద వాల్తేరులో ఇల్లు, మహారాణిపేటలో ఆసుపత్రి అనుకుంటే, రానూ పోనూ ఇంచుమించు సరిపోతుంది. అంత చక్కగా సరిపోయిన లెక్కను నేను ఇన్‌కంటాక్సు కాగితాల్లో తప్ప ఎక్కడా చూడలేదు. బ్రేకు పెడల్ మీది రబ్బరు మాత్రం అరిగి అరిగి ఇనుము తేలింది. డాక్టరుగారు ఆపరేషన్లు కూడా కుడికాలితోనే చేసేవారేమో.

"టైర్లు కొత్తవి సార్" అన్నాడు. టైరు పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. వంగి చూశాను: 3114. అంటే 2014లో ముప్ఫై ఒకటో వారం. హుద్‌హుద్ వచ్చింది ఆ ఏడాది అక్టోబరు 12న. తుపానుకు పది వారాల ముందు పుట్టి, ఊళ్లో చెట్లన్నీ కూలినా తాను మాత్రం నిలబడ్డ టైరు. మ్యూజియంలో పెట్టాలి, బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి పక్కన చోటుంది.

అయినా నడిపి చూద్దామన్నాను. తప్పు నాదే. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకున్నాను. ఎంవీపీ కాలనీలోకి తిప్పాక తెలిసింది, బండి పొట్టిగా కనపడాలని ఎవరో స్ప్రింగులు కోయించారు. మొదటి స్పీడ్ బ్రేకర్ మీద కింద నుంచి కొబ్బరిచిప్ప గీకినట్టు చప్పుడొచ్చింది. కుర్రాడు ఏమాత్రం తొణకలేదు. "వెనక బరువు ఎక్కువైంది సార్. మామ్మగారూ, ఒక్క నిమిషం దిగుతారా?"

అమ్మ దిగింది. బండి దాటింది. అమ్మ ఎక్కింది. నూరు గజాల్లో ఇంకో స్పీడ్ బ్రేకర్. మళ్లీ దిగింది. సీటు అంత కిందికి ఉంది కనుక ఆవిడ దిగడమంటే మా ఆవిడ ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుని బావిలోంచి బిందె తీసినట్టు తీయడం. మూడోసారికి అమ్మ, "మీరు పదండి నాయనా, నేను నడిచొస్తాను" అంది. మేము పదహారు గుర్రాలో అరవై గుర్రాలో ఉన్న ఆ బండిని ఏటవాలుగా, ఒక్కొక్క చక్రమే దాటిస్తూ, వెనక ఆటోవాళ్ల దీవెనలు అందుకుంటూ రైతుబజారు దాకా చేరేసరికి, అమ్మ అక్కడ బెండకాయలు ఏరుతోంది. కొత్తిమీర అప్పటికే సంచిలో ఉంది. "ఇదేనా ఫాస్ట్ అన్నావు?" అని అడిగింది. ఆ ప్రశ్నలో వెటకారం లేదు, అందుకే ఇంకా గుచ్చుకుంది.

మన చిన్న కార్లలో చురుకైనవి లేవని కాదు. 2005లో వచ్చిన స్విఫ్ట్‌కు 1.3 లీటర్ల పెట్రోలు ఇంజిన్ ఉండేది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ, అంటే 1.2 లీటర్ల లోపు పెట్రోలు ఇంజిన్ ఉంటేనే పన్ను తగ్గిస్తామని 2006 బడ్జెట్ చెప్పింది. 2010 నాటికి అదే స్విఫ్ట్ 1.2 లీటర్లకు దిగింది. మన దేశంలో కారు ఉత్సాహాన్ని నిర్ణయించేది ఇంజినీరు కంటే ముందు గుమస్తా. 2013లో పోలో జీటీ టీఎస్ఐ వచ్చింది, టర్బోతో, గేర్లు తనంతట తానే మార్చుకునే ఏడు గేర్ల డీఎస్‌జీ గేరుబాక్సుతో. పోలోయే ఇప్పుడు రావడం లేదు. ఆ గేరుబాక్సు మొరాయిస్తే నా నాలుగు లక్షలు సరిపోతాయా అని ఒక మెకానిక్‌ను అడిగితే, ఆయన నా చొక్కా వైపు చూసి, మంచినీళ్లు ఇప్పించాడు.

తుప్పు సంగతి ఎవరూ ఎత్తరు. సముద్రం కనపడుతుందని ఫ్లాటుకు లక్షలు ఎక్కువ అడిగే ఊరు ఇది. అదే గాలి కారు అడుగును కొరుక్కు తింటుందని ఒక్కరూ అనరు. కాళ్ల కింది పట్టా ఎత్తి చూడండి. నేను చూసిన మూడో బండికి పట్టా ఎత్తితే రోడ్డు కనపడింది.

ఇంతవరకూ నవ్వుకున్నాను. ఆరో బండి దగ్గర నవ్వు పోయింది.

చూడముచ్చటగా ఉంది. రంగు బాగుంది, చారలు లేవు. ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్‌కు చూపించాను. ఆయన తాళం తిప్పి డ్యాష్‌బోర్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎయిర్‌బ్యాగు దీపం ఒకసారి వెలిగి ఆరాలి. వెలగలేదు. స్టీరింగు మధ్య మూత ఊడదీశాడు. లోపల బ్యాగు లేదు. పాత గుడ్డ ముక్క మడిచి కుక్కి ఉంది, మూత కదలకుండా. మూత అంచుకు జిగురు.

అంటే ఆ బండి ఎక్కడో దేనినో గట్టిగా గుద్దింది. ఆ బ్యాగు ఎవరి ముఖానికో అడ్డుపడి తన పని చేసింది. ఆ తరవాత ఒక మనిషి తీరిగ్గా కూర్చుని, కొత్త బ్యాగు డబ్బు మిగుల్చుకుని, గుడ్డ కుక్కి, దీపం పీకి, పైన మెరుగు పెట్టి, నా ముందు నిలబెట్టాడు. మా పిల్లలకు చాక్లెట్లు కూడా ఇచ్చాడు. వాడికి తెలుసు ఆ కారులో ఎవరు కూర్చుంటారో. మా ఆవిడను "మేడమ్, మీరు ముందు కూర్చోండి, ఏసీ ఎంత చల్లగా ఉందో చూడండి" అన్నది వాడే. దీన్ని బేరం అంటారా? జేబు కొట్టేవాడు నయం, వాడు జేబుతో వదిలేస్తాడు. మనమూ తక్కువేమీ తినలేదు. డ్రైవరు ఎయిర్‌బ్యాగు కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి అయింది 2019 జులైలో. అంతకు ముందు ఆ కాస్త డబ్బు మిగుల్చుకోవడానికి బ్యాగు లేని మోడల్ కొని, మిగిలిన డబ్బుతో అల్లాయ్ చక్రాలు, వెనక రెక్క వేయించుకున్న పెద్దమనుషులెందరు? ఆ రెక్కలన్నీ ఇప్పుడు అమ్మకానికి నిలబడి ఉన్నాయి, "స్పోర్టీ" అని.

ఆ కుర్రాడిని నిలదీస్తే, "డాక్టరుగారు చెప్పలేదు సార్" అన్నాడు.

మా అపార్టుమెంటు మూడో అంతస్తులో నిజంగానే ఒక డాక్టరుగారున్నారు. పిల్లల వైద్యులు. ఆయనా చిన్న కారు అమ్మేద్దామనుకున్నారు. మీటరు మీద 1,26,000. నాలుగు తలుపులకూ నాలుగు సొట్టలు, ఒక్కొక్క దానికీ తేదీతో సహా కథ చెబుతారు. సర్వీసు కాగితాలన్నీ మందుల చీటీల్లా దారం కట్టి దాచారు. బ్రోకరు వచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, విచారంగా తల ఊపాడట.

"సార్, ఇంత తిరిగిన బండి డాక్టరుగారిదంటే ఎవరూ నమ్మరు. మేస్టారిదని చెబుదాం."

ఆ బండికి నేను బేరం పెట్టాను. అమ్మ కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని చూసి సరే అంది. మా ఆవిడ యాభై వేలూ ఒప్పుకున్నాయి. వెనక రెక్క లేదని మా అబ్బాయి ఇంకా మాట్లాడటం లేదు.