మడత పడితే జీతం లేదు

మా కోనసీమ పెళ్లిలో పనసపొట్టు కూర రెండుసార్లు వడ్డించుకుని అరుగు మీద వాలినవాడు తాను విశ్రాంతి తీసుకుంటున్నాననుకుంటాడు. అతని పేగు గోడలోని నునుపు కండరానికి పని మొదలయ్యేది అప్పుడే. అక్కడి కూలీ పేరు మయోసిన్. రెండు తలలు, ఒక పొడవాటి తోక ఉన్న ప్రోటీను.

పని లేనప్పుడు దీని తీరు చూడండి. ఒక తల రెండో తల మీద వాలుతుంది. ఒకటి కండరం బిగియడానికి పట్టుకుని లాగాల్సిన యాక్టిన్ అనే ప్రోటీను పోగును పట్టుకోలేదు, మరొకటి ఏటీపీ అనే ఇంధనాన్ని చకచకా ఖర్చు చేయలేదు. దాదాపు 150 నానోమీటర్ల తోక పూతరేకులా మూడు మడతలు పడి తలలను చుట్టుకుంటుంది. నాకు తెలిసిన ఒక కాలువ కార్యాలయంలో మధ్యాహ్నం రెండున్నరకు కనిపించేదీ ఇదే: ఒకే బల్ల మీద రెండు తలలు, కుర్చీ కింద మడిచిన కాళ్లు. కాకపోతే మడత పడిన మయోసిన్ ఏటీపీని దాదాపు ముట్టదు. ఈ నిబంధనను సర్వీసు రూల్సులో చేర్చాలని ప్రభుత్వానికి సవినయంగా మనవి చేస్తున్నాను. (ఉద్యోగ సంఘాలు నన్ను క్షమించాలి.)

మరి దాన్ని లేపేదెవరు? కణంలో కాల్షియం పెరిగి మరో ప్రోటీను అయిన కాల్మోడ్యులిన్‌ను పట్టుకుంటుంది. ఆ జంట ఒక కైనేజ్ ఎంజైమును కదిలిస్తుంది. అది మయోసిన్ తేలిక గొలుసులో (తలకు అంటుకుని ఉండే చిన్న ప్రోటీనులో) 19వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లం మీద ఫాస్ఫేట్ ముద్ర వేస్తుంది. మయోసిన్ మడత విప్పుకుని పనిలోకి దిగుతుంది. అంతా క్షణాల్లో ముగుస్తుంది. దాళ్వాకు (రెండో వరి పంటకు) నీరందక మా శివారు రైతులు పెట్టుకున్న అర్జీకీ మెట్లు అన్నే: లస్కరు, వర్క్ ఇన్‌స్పెక్టరు, ఏఈ, డీఈ. ముద్ర పడేసరికి చేను గడ్డివాము అయింది. కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన 1852 నుంచి గోదావరి నీళ్లకు పల్లం తెలుసు, ఫైళ్లకు ఇంకా తెలియదు.

సెంట్రిఫ్యూజులో తిప్పితే మడత పడిన మయోసిన్ త్వరగా అడుగుకు చేరుతుంది. అందుకే దాన్ని 10ఎస్ అని, విప్పుకున్నదాన్ని 6ఎస్ అని పిలుస్తారు; ఎస్ అంటే ఆ మునిగే వేగానికి కొలమానం. మునిగే వేగాన్ని బట్టి హోదా ఇవ్వడం చక్కని పద్ధతి, మన శాఖల్లో ఆ లెక్కన అందరికీ పదోన్నతే.

ఒక్క విషయంలో మాత్రం మయోసిన్ మీద నాకు అనుమానం. ఫాస్ఫేట్ ఊడిపోయాక కూడా కొన్ని తలలు యాక్టిన్‌ను వదలకుండా, కొద్దిపాటి ఖర్చుతోనే బిగువు నిలబెడతాయి. బదిలీ ఉత్తర్వు అందాక కుర్చీ వదలని విద్య ఎవరు ఎవరికి నేర్పారో!

అర్జీ సంగతి కనుక్కుందామని మొన్న మళ్లీ వెళ్లాను. తలలు రెండూ బల్ల మీదే ఉన్నాయి. ఇంతలో నా ఖాళీ కడుపు గడగడలాడింది. ఒక తల లేచి, "ఎవరండీ అది?" అంది.