సవరణ: మైదా ముద్దలో నీళ్ళ కొలత, ఉప్పు సంగతి

ప్రీస్కూల్ పిల్లలు పిసికి ఆడుకునే మైదా ముద్దకు 2 కప్పుల పిండి, 2 కప్పుల నీళ్ళు అని గత టపాలో రాశాం. అది పొయ్యి మీద ఉడికించే ముద్ద కొలత. ఉడికేటప్పుడు పిండి ఉబ్బి నీళ్ళు పట్టుకుంటుంది. పచ్చిపిండి అంత పీల్చుకోదు, దోసెల పిండిలా జారిపోతుంది.

పచ్చిగా కలిపేటప్పుడు మైదా 2 కప్పులు, మెత్తని ఉప్పు 1 కప్పు, నూనె 1 పెద్ద చెంచా తీసుకోండి. నీళ్ళు ముప్పావు కప్పు పోసి, చపాతీ పిండికన్నా కాస్త మెత్తబడేదాకా చెంచా చొప్పున పెంచండి. గల్లుప్పు సరిగా కరగదు, చేతికి గరగరలాడుతుంది.

ఇంతకన్నా పెద్ద తప్పు ఒకటుంది. ఇంటి సరుకులే కాబట్టి నోట్లో పెట్టుకున్నా ఫరవాలేదన్నాం. అది నిజం కాదు, దయచేసి పాటించకండి. అంత ఉప్పు మింగితే చిన్నపిల్లలకు ప్రమాదం. పచ్చి మైదాలో హానికర క్రిములూ ఉండొచ్చు. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఈ ముద్ద బదులు ఉడికించి, చల్లార్చి, మెత్తగా మెదిపిన బంగాళాదుంప ఇవ్వండి. వేళ్ళ మధ్య నలిపే అనుభూతి అందులోనూ బాగా దొరుకుతుంది.

గోధుమ పడని పిల్లలకు మైదా తాకనివ్వకూడదు. చేతికి గీరుడు ఉంటే ఉప్పు మండుతుంది, ఆ రోజుకు వద్దు.