గూట్లో తిష్ఠ వేసిన పెట్ట గారికి

అమ్మా,

ఎదురుగా వచ్చి మాట్లాడదామంటే మీరు మెడ ఈకలు నిక్కబొడుచుకుని, తోక విప్పి, కోడి గొంతులోంచి వస్తుందని ఎవరూ నమ్మని ఒక గుర్రుమనే శబ్దం చేస్తున్నారు. చేయి చాపితే ముక్కుతో సంతకం పెట్టి పంపుతున్నారు. అందుకే విన్నపాన్ని కాగితం మీద పెట్టాల్సి వచ్చింది.

అసలు విషయానికి వస్తాను. మన పెరట్లో పుంజు లేదు. ఏనాడూ లేదు. మీ కింద చేరిన గుడ్లలో పిల్ల అయ్యే యోగం ఒక్కదానికీ లేదు. పొదగడానికి పట్టే 21 రోజులు కాదు, 21 నెలలు కూర్చున్నా అవి మురుగుతాయే తప్ప కిచకిచమనవు. ఈ సంగతి మీకు అర్థమవుతుందని గుడ్లన్నీ తీసేశాను. మీరు ఖాళీ గడ్డి మీద కూర్చున్నారు. గడ్డి తీసేస్తే చెక్క మీద కూర్చున్నారు. పిల్లలెవరో పారేసుకున్న రబ్బరు బంతి కంటబడితే, దాన్ని ముక్కు కిందిభాగంతో మెల్లగా పొట్ట కిందికి లాక్కుని, అటూ ఇటూ ఒరిగి సర్దుకుని, హాయిగా కళ్లు అరమోడ్చారు. బంతిలో వంశాంకురాన్ని చూడగలిగిన మీ ఆశావాదానికి ఏ వాదనతో జవాబు చెప్పను?

మీరు గుడ్లు పెట్టడం మానేశారని నాకు కోపం లేదు. ఒంట్లో ప్రొలాక్టిన్ అనే, పొదగాలనిపించే హార్మోన్ పెరిగినప్పుడు అండాశయం పని ఆపేస్తుంది, అందులో మీ ఇష్టాయిష్టాలేమీ లేవు. సెలవు మంజూరైనట్టే అనుకోండి. కానీ సెలవులో ఉన్నవారు కార్యాలయాన్ని ఆక్రమించుకోవడం ఏ న్యాయం? పక్కన గూళ్లు ఖాళీగానే ఉన్నాయి. అయినా మిగతా పెట్టలన్నిటికీ మీరున్న గూడే కావాలి. మీ వీపు మీదికెక్కి మరీ గుడ్డు పెట్టిపోతున్నాయి, దాని తడి ఆరకముందే అది మీ రెక్క కింద జమ అవుతోంది. ఏది ఈ రోజుటిదో, ఏది మీ వేడికి నాలుగు రోజులుగా ఉడుకుతున్నదో పెనం మీద పగలగొట్టాక గానీ తెలియడం లేదు. నిన్నటి నుంచి ఆ నల్ల పెట్ట కూడా గూట్లోంచి లేవడానికి తాత్సారం చేస్తోంది. మీ ఉపన్యాసాల ప్రభావమేనని నా అనుమానం.

ఇక మీ దినచర్య. రోజుకొకసారి దిగుతారు. ఒక ఇరవై నిమిషాలు, అంతే. దిగగానే రోజంతా బిగబట్టినదాన్ని ఒక్క విడతలో విడుదల చేస్తారు. ఆ పరిమాణాన్ని, ఆ వాసనను ఇక్కడ వర్ణించను, ఇది నలుగురూ చదివే లేఖ. ఆ తర్వాత గింజలు, నీళ్లు, మట్టిలో ఒక పొర్లు, మళ్లీ గూట్లోకి పరుగు.

అనుభవజ్ఞులు చెప్పిన మందు కూడా వేశాను. అడుగున గడ్డి లేకుండా జాలీ మాత్రమే ఉన్న బోను, పొట్ట కిందికి చల్లగాలి, పక్కనే మేతా నీళ్లూ. మూడు నాలుగు రోజుల్లో చాలా పెట్టలకు మనసు మారుతుంది. మీరు మాత్రం రాజకీయ ఖైదీలా తల ఎత్తుకుని శిక్ష అనుభవించి, తలుపు తీయగానే నేరుగా అదే గూట్లోకి నడిచారు. చల్లనీళ్లలో ముంచమని ఇంకొకరు అన్నారు. ముందు తాను మునిగి చూపిస్తే ఆలోచిస్తానన్నాను.

గుడ్ల కోసమే పెంచే వైట్ లెగ్‌హార్న్ జాతి కోడిని చూసి బుద్ధి తెచ్చుకోండి అనబోయి ఆగిపోయాను. అది ఏడాదికి 280కి పైగా గుడ్లు పెట్టగలదు, వాటి మీద కూర్చోవాలన్న ధ్యాస మాత్రం దాదాపు ఉండదు. ఆ ధ్యాసను తరతరాలుగా ఏరి ఏరి తీసేసింది మనుషులే. తీసేశాక, దాని స్థానంలో పెట్టడానికి ఒక యంత్రం కావలసి వచ్చింది. లోపల 37.5 డిగ్రీలు తప్పకూడదు, తేమ తగ్గకూడదు, ట్రే గంటగంటకూ గుడ్లను తిప్పాలి, కరెంటు పోతే జనరేటర్ మోగాలి. మీరు పొట్ట మీది ఈకలు మీరే పీక్కుని, ఆ బోడి చర్మాన్ని గుడ్లకు ఆనించి, ముక్కుతో వాటిని తిప్పుకుంటూ ఇదంతా చేసుకుపోతున్నారు. మీ కిందికి చేయి పోనిస్తే ఆ చోటు కాగుతోంది. పెంకు పగలడానికి ముందు రోజు లోపలి పిల్ల కిచమంటే మీ జాతి తల్లి బయటి నుంచి బదులు పలుకుతుంది. యంత్రంలో ఆ ఏర్పాటు లేదు.

కాబట్టి రాజీకి వస్తున్నాను. పుంజు ఉన్నవాళ్ల దగ్గరి నుంచి గుడ్లు తెప్పిస్తాను. చీకటి పడ్డాక, మీరు మగతగా ఉన్నప్పుడు వాటిని కింద పెట్టి, బంతిని స్వాధీనం చేసుకుంటాను. మీ నివాసం వేరే మూలకు మారుతుంది, అక్కడికి వీపులెక్కే బంధువులు రారు. ప్రతి గుడ్డు మీదా పెన్సిల్ గుర్తు ఉంటుంది, గుర్తు లేనిది కనిపిస్తే నాది. ఏడో రోజు టార్చ్ వెలుగులో గుడ్లను పరీక్షించేటప్పుడు నా వేళ్ల జోలికి రాకూడదు. పుట్టేవాటిలో సుమారు సగం పుంజులే అవుతాయి. అవి తెల్లవారుజామున కూయడం మొదలుపెట్టాక ఇరుగుపొరుగు రాసే బహిరంగ లేఖలన్నిటికీ జవాబు మీరే రాసుకోవాలి.

ఇట్లు,
మేత వేసే మనిషి