సవరణ: పాలెం పరిశోధన స్థానం ప్రభావం లెక్క

ఆముదంలో కొత్త రకాలు తయారుచేసే పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం ప్రభావాన్ని మహబూబ్‌నగర్ జిల్లా సగటు ఆముదం దిగుబడితో కొలవొచ్చని గత పోస్టులో ఉంది. ఆ వాక్యం కొట్టేసి చదవండి.

2016లో జిల్లా ముక్కలైంది. షాద్‌నగర్ రంగారెడ్డికి, కొడంగల్ వికారాబాద్‌కు పోయాయి. 2019లో నారాయణపేట వేరుపడింది. మండలాల లెక్కలు కూడి పాత జిల్లా సరిహద్దుకు సరిపెట్టకుండా 2010 సగటునీ 2020 సగటునీ పోలిస్తే తేలేదేమీ లేదు. పైగా గెల వేసేటప్పుడు ముసురు పట్టిందా, బూజు తెగులు మంచి రకాన్నీ ముంచుతుంది. ఆ నష్టం పరిశోధన ఖాతాలో రాస్తే అన్యాయమే.

దానికి బదులు క్రాంతి, హరిత లాంటి పాలెం ఆముదం రకాలు వేసిన ఎకరాలను, అదే ఏడు అదే తీరు నేలలో పాత రకం మీద ఎకరాకు వచ్చిన అదనపు క్వింటాళ్లతో గుణించాలి. శాస్త్రవేత్తల దగ్గర కొద్దిగా తయారయ్యే బ్రీడర్ విత్తనం ఫౌండేషన్ (మూల) విత్తనంగా, అది రైతులకు అమ్మే సర్టిఫైడ్ (ధ్రువీకరించిన) విత్తనంగా మారడానికి మెట్టుకో పంటకాలం పడుతుంది. కొత్త రకం విడుదలైన ఏడే ఫలితం అడిగితే సున్నానే. రైతులు దాచుకున్న విత్తనం అమ్మకాల రికార్డుకెక్కదు, ఊళ్లో తిరిగి అడగాల్సిందే.