సవరణ: లెఫ్ట్, రైట్ పేర్లు రష్యా నుంచి రాలేదు

లెఫ్ట్, రైట్ అనే రాజకీయ పేర్లు 1917 రష్యా విప్లవంతో మొదలయ్యాయని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. ఫ్రెంచి విప్లవం మీద వచ్చిన చరిత్ర పుస్తకాలు చెప్పేది వేరు.

1789 వేసవిలో వెర్సాయ్‌లో ఫ్రాన్స్ జాతీయ సభ కొత్త రాజ్యాంగం మీద చర్చించింది. సభ చేసిన చట్టాన్ని ఆపే అధికారం రాజుకు ఉండాలా వద్దా అన్న దగ్గర పెద్ద గొడవే జరిగింది. ఉండాలన్నవాళ్లు సభాధ్యక్షుడికి కుడివైపు, తగ్గించాలన్నవాళ్లు ఎడమవైపు చేరారు. రైట్, లెఫ్ట్ అన్న పేర్లు అలా వచ్చినవే. ఆ ఎడమవైపు వాళ్లు కమ్యూనిస్టులు కారు. మార్క్స్ పుట్టిందే 1818లో! వాళ్లలో చాలామంది రాజును ఉంచే, ఆయన అధికారానికి హద్దు పెట్టాలన్నారు. ఆస్తి హక్కు పవిత్రమని ఆ ఏడాది ఆగస్టులో ప్రకటించింది కూడా ఆ సభే. కార్మికుల హక్కులు, ఆర్థిక సమానత్వం లెఫ్ట్ పేరుతో గట్టిగా ముడిపడింది ఆ తర్వాతి శతాబ్దంలో.

కామెంట్లలో కొందరు లోక్‌సభ సీట్ల గురించి అడిగారు. అక్కడ స్పీకర్‌కు కుడివైపు కూర్చునేది అధికార పక్షం, దాని సిద్ధాంతం ఏదైనా సరే.

పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను. ముందే షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా పంపండి.